బంగావ్‌లో ఆగిన లారీ, ఎనుమాములలో పడిన ధర

2024 ఆగస్టు మొదటి వారం. మా బాపు మిర్చి ముప్పై ఎనిమిది బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్ పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. ఏప్రిల్‌లో ధర నచ్చక లోపల పెట్టినవి, దసరా దాకా చూద్దామన్నది ఆయన లెక్క. ఆగస్టు 5న బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా గద్దె దిగి మన దేశానికి వచ్చేసింది. టీవీలో ఢాకా వీధులు చూపిస్తుంటే బాపు అన్నం కలుపుకుంటూ చూశాడు, పక్క వాడకట్టులో లొల్లి చూసినట్టు. రెండు రోజులకు, మార్కెట్లో మా సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఫోను. "బోర్డర్ బందయింది కాకా. ఇప్పుడు అమ్ముతే క్వింటాలుకు వెయ్యి తక్కువకు పోతది. ఆగుతనంటే ఆగు, స్టోరేజీ కిరాయి నీదే."

బాపు ఫోను నా చేతికిచ్చి, "మన మిర్చికి బంగ్లాదేశోళ్లతోటి ఏం పంచాయితీరా?" అన్నాడు.

ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేదు. ఏదో గొణిగాను. తెలియక కాదు, తెలిసిందంతా చెప్పాలంటే ఆయన అన్నం చల్లారిపోతుందని. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే.

డిగ్రీ అయ్యాక మూడేళ్లు నేను వరంగల్‌లో ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమస్తాగా చేశాను. పొద్దున మార్కెట్లో జెండా పాట (ఆ పూట వేలంలో కట్టే పై ధర) ఎంత పలికిందో రాసుకోవడం, మధ్యాహ్నం లోడింగు చూడటం, సాయంత్రం బిల్లులు, కాగితాలు. ఆ కాగితాల మీదే నాకు ప్రపంచం కనపడింది. తేజ రకం మిర్చి కాయ చైనాకు, థాయిలాండ్‌కు ఓడల మీద పోతుంది. బంగ్లాదేశ్ మాత్రం లారీ పోయే దేశం. వరంగల్ నుంచి దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు, వైజాగ్, భువనేశ్వర్, కోల్‌కతా దాటి బంగావ్ అనే ఊరు, దాని పక్కన పెట్రాపోల్, సరిహద్దు గేటుకు అవతల బేనాపోల్. ఓడ అక్కర్లేదు, కంటైనర్ అక్కర్లేదు, చిన్న వ్యాపారి కూడా ఒక లారీ నింపి పంపొచ్చు. అందుకే మన దగ్గర చిన్న వ్యాపారులకు ఎగుమతి అంటే చాలా మటుకు ఆ గేటే.

మా బావ లారీ నడుపుతాడు. 2022 మొదట్లో ఒకసారి మిర్చి లోడుతో అక్కడికి పోయాడు. పదిహేను వందల కిలోమీటర్లు నాలుగు రోజుల్లో కొట్టాడు. తర్వాత బంగావ్‌లో కాళీతలా పార్కింగులో పంతొమ్మిది రోజులు కూర్చున్నాడు. పంతొమ్మిది! లారీ కింద చాప, పక్కన స్టవ్వు, రోజూ పార్కింగు రుసుము, రోజూ సాయంత్రం ఫోనులో అదే ముచ్చట: "ఇంకా నంబరు రాలే." ఆ ఏడాదే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో స్లాటు బుక్ చేసుకునే పద్ధతి తెచ్చింది, అప్పటి నుంచి ఎదురుచూపులు తగ్గాయి. అయితే మా బావకు ఆ పద్ధతి అందలేదు, బండి ఆగిన రోజులకు రావాల్సిన హాల్టింగు డబ్బులూ సగమే అందాయి. ఎవరు ఎగ్గొట్టారో ఇక్కడ రాయను, అది వేరే పంచాయితీ.

నంబరు వచ్చాక ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. మన లారీ ఢాకా దాకా పోదు. గేటు దాటి బేనాపోల్ షెడ్డు దాకా పోతుంది, అంతే. అక్కడ బస్తాలన్నీ దించుతారు, బంగ్లాదేశ్ లారీకి ఎక్కిస్తారు, మనది ఖాళీగా వెనక్కి వస్తుంది. మిర్చి బస్తా గురించి తెలిసినవాళ్లకు ఇందులో నొప్పి అర్థమవుతుంది. కల్లంలో తొక్కి నింపిన నలభై కిలోల బస్తాను కొక్కెం వేసి ఒకసారి లాగితే గోనె చిరుగుతుంది, కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది. కల్లం నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి స్టోరేజీకి, అక్కడి నుంచి లారీకి, మళ్లీ బోర్డర్‌లో దించి ఎక్కించి. అన్ని చేతులు మారాక అవతల వ్యాపారి బస్తా విప్పి, ఇదేం కాయ, సగం తాలే కదా అని ధర కోస్తాడు. ఆ కోత మెల్లగా వెనక్కి నడుచుకుంటూ వస్తుంది, వ్యాపారి దగ్గర కొంచెం, అడ్తిదారు దగ్గర కొంచెం, చివరికి మా బాపు పట్టీలో, అంటే అమ్మకం చీటీలో. ఆయనకు వెనక ఇంకెవరూ లేరు కాబట్టి అక్కడ ఆగుతుంది.

ప్రపంచ బ్యాంకు 2021లో దీని మీద ఒక నివేదిక రాసింది. పెట్రాపోల్, బేనాపోల్ దాటడానికి రోజులకు రోజులు పడుతుందని, అంతే రద్దీ ఉండే తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల లోపే అయిపోతుందని అందులో ఉంది. ఆఫ్రికా అనగానే మనవాళ్లు కొందరు ముఖం ఒకలా పెడతారు. కొంచెం ఆగండి. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు అనే చోట లారీలు రోజుల తరబడి నిలబడేవి. 2009లో రెండు దేశాల అధికారులు ఒకే కప్పు కింద కూర్చుని ఒకేసారి కాగితాలు చూసే ఏర్పాటు చేసుకున్నారు. లారీ రెండుసార్లు ఆగాల్సింది ఒకసారి ఆగుతుంది. దీనికి రాకెట్ విద్య ఏమీ అక్కర్లేదు, రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకోవాలి. మనకూ 2015 జూన్‌లో థింఫూలో భూటాన్, బంగ్లాదేశ్, నేపాల్‌తో కలిసి లారీలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నేరుగా పోనిచ్చే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. భూటాన్ పార్లమెంటులో పై సభ ఒప్పుకోలేదు, మిగతావాళ్లదీ సాగుతూనే ఉంది. పదేళ్లు దాటింది, బస్తాలు ఇంకా దించుతూనే ఉన్నారు.

దించకుండా పోతే ఎంత తేడానో ఒకసారి చూశాం. 2020లో కరోనా టైములో పెట్రాపోల్ రోడ్డు వ్యాపారం ఆగిపోయినప్పుడు, జూలైలో రైల్వే వాళ్లు గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు పార్సిల్ రైలు వేశారు. దేశం దాటిన మొట్టమొదటి పార్సిల్ స్పెషల్ అది, అందులో పోయింది ఎండు మిర్చి. రోడ్డు మీద టన్నుకు 7,000 అయ్యేది, ఆ రైల్లో 4,608 రూపాయలు. మామూలు గూడ్సు రైలు కావాలంటే 1,500 టన్నులకు పైగా పోగుచేయాలి, చిన్న వ్యాపారుల వల్ల కాదు. ఇది అయిదొందల టన్నుల లోపే. కాజీపేట జంక్షన్ పక్కన పెట్టుకుని మనకెందుకు రాలేదని అప్పట్లో మా షాపులో రెండు రోజులు అదే చర్చ. చర్చతోనే సరిపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. సరిహద్దు, వ్యాపారం అనగానే అందరూ సుంకం గురించి మాట్లాడతారు. ఫలానా దేశం ఇంత శాతం వేసింది, మనం అంత శాతం వేశాం. నేను కాగితాలు రాసిన మూడేళ్లలో సుంకం వల్ల కన్నీళ్లు పెట్టుకున్న వ్యాపారిని చూడలేదు. సుంకం ఎంతో ముందే తెలుసు కాబట్టి దాన్ని ధరలో కలుపుకుంటాడు. వాళ్లను ముంచింది ఎప్పుడు ఆగుతుందో, ఎన్నాళ్లు ఆగుతుందో, రేపు ఏ కొత్త కాగితం అడుగుతారో తెలియకపోవడం. సరిహద్దు ఖరీదైనా బతకొచ్చు. దాని ఖరీదు ఎంతో ముందుగా చెప్పకపోతేనే బతకలేం. నా వాదన ఇంతే, మిగతాది దీనికి సాక్ష్యం.

మొదటి సాక్షి మన ఊరివాడే. కాకతీయ గణపతిదేవుడు. ఓరుగల్లు నుంచి సముద్రం మూడొందల కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది, అయినా ఆయన పాలన కింద మోటుపల్లి రేవు ఉండేది, ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడ ఆయన 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. అందులో సంగతి స్థూలంగా ఇది: తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, వెనుకటి రాజులు అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లు. ప్రాణం కంటే ధనం ముఖ్యమనుకుని అంత సాహసం చేసి వచ్చినవాళ్లు కదా, వాళ్ల దగ్గర మేం ఖరారు చేసిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం. ఎంత సుంకం? ముప్పయ్యో వంతు. కొన్ని సరుకులకు విడిగా రేట్లు కూడా చెక్కించాడు.

మనవాళ్లు దీన్ని దయాగుణం కింద పాఠ్యపుస్తకాల్లో చెప్తారు. నాకు మాత్రం అది మంచి లెక్క తెలిసినవాడి పనిలా కనిపిస్తుంది. గణపతిదేవుడు సుంకం మాఫీ చేయలేదు. ఎంతో చెప్పాడు, రాతి మీద చెప్పాడు, రేపు మారదని చెప్పాడు. అరేబియా నుంచి గుర్రాలు తెచ్చేవాడికి ముప్పయ్యో వంతు పోవడం బాధ కాదు, మొత్తం పోతుందేమో అన్న భయమే బాధ. ఆ భయం తీసేస్తే ఓడలు వాటంతట అవే వస్తాయి. వందేళ్లు దాటాక, 1358లో, రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు హామీ ఇస్తూ ఇంకో శాసనం వేయించాడంటే ఆ పద్ధతి పనిచేసిందనే కదా.

ఇప్పుడు ఆ రాతి పక్కన 2025ను పెట్టి చూడండి. ఏప్రిల్ 8న మన ప్రభుత్వం బంగ్లాదేశ్ సరుకు మన రేవుల మీదుగా, విమానాశ్రయాల మీదుగా వేరే దేశాలకు పోయే సౌకర్యం ఎత్తేసింది. వారం తిరగకుండా వాళ్లు బేనాపోల్‌తో సహా భూమార్గాల గుండా నూలు రానివ్వమన్నారు. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ బట్టలు రోడ్డు మీద రానివ్వం, ముంబై దగ్గరి నవా శేవా, కోల్‌కతా రేవులకే రావాలన్నాం. ఏడు నెలల కిందటే, 2024 అక్టోబరులో, పెట్రాపోల్ దగ్గర రెండు దేశాల లారీల కోసం కొత్త గేటు తెరిచి దానికి మైత్రీ ద్వార్ అని పేరు పెట్టారు! ఎవరు ముందు, ఎవరిది తప్పు అనే తగువు నాకక్కర్లేదు. ఆ నెలన్నరలో నూలు లోడుతో దారిలో ఉన్న లారీ డ్రైవరు ఏ ఊళ్లో బండి ఆపాడో, ఎవరికి ఫోను చేశాడో, నాకు అది కనిపిస్తుంది.

బియ్యం సంగతి మీకే తెలుసు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. తెల్లారేసరికి అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు సోనామసూరి బస్తాల కోసం బారులు తీరారు. హన్మకొండలో ఉన్న మా మిత్రుడి చెల్లెలు డల్లాస్ నుంచి ఫోను చేసి తొమ్మిది బస్తాలు దొరికాయని, బంగారం దొరికినట్టు చెప్పింది. ఇద్దరు మనుషులకు తొమ్మిది బస్తాలు. నవ్వుకున్నాం. కానీ ఆ బస్తాల వెనక మిల్లరు, ఆయన వెనక రైతు ఉన్నారు, వాళ్లెవరికీ 19వ తేదీ రాత్రి తెలియదు.

"బోర్డర్లు అసలే వద్దంటావా?" అని అడుగుతారు. లేదు. ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను, నాకూ గోడలు కావాల్సిన రోజులున్నాయి. మా మండలంలో వడ్ల కొనుగోలు కేంద్రానికి పక్క రాష్ట్రం నుంచి రాత్రిపూట లారీలు వస్తున్నాయని తెలిసినప్పుడు, చెక్‌పోస్టు పెట్టాలని గట్టిగా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. మా వడ్లు వానలో తడుస్తుంటే ఎవరివో తూకం వేస్తారా అని. అదే నేను, మిర్చి సీజన్‌లో గోదావరి అవతల సిరోంచ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి ఎనుమాములకు కాయ వస్తే మాత్రం రావద్దని ఎన్నడూ అనలేదు, మా షాపు నడిచిందే దాని మీద. కాళేశ్వరం వంతెన మీద ఆ బండ్లు ఆగకుండా వస్తాయి. సిరోంచ మహారాష్ట్ర అయినా అక్కడ మాట్లాడేది తెలుగే. మనిషికి తన సరుకు పోవాలి, పక్కవాడి సరుకు రావద్దు. దీన్ని దాచుకోవడంలో అర్థం లేదు.

పత్తి మీద కూడా అంతే. 2021 బడ్జెట్‌లో విదేశీ పత్తి మీద సుంకం పెట్టారు, అన్నీ కలిపి 11 శాతం. నాకు సంతోషమే, మా బాపు మూడెకరాలు పత్తి వేస్తాడు. 2022లో కొన్ని నెలలు తీశారు, మళ్లీ పెట్టారు. 2025 ఆగస్టు 19న మళ్లీ ఎత్తేశారు, మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, పది రోజుల్లోనే డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకు మీద 50 శాతం దాకా సుంకం వేసింది, బట్టల మిల్లులు బతకాలంటే పత్తి చౌకగా దొరకాలి, వాళ్ల బాధ వాళ్లది, అబద్ధం కాదు. కానీ రైతు జూన్‌లో విత్తనం పెట్టాడు. జూన్‌లో గోడ ఉంది. ఆగస్టుకల్లా చేను పూతకొచ్చింది, పీకి ఇంకోటి వేయలేడు. మొదటి ఏరుడుకు గోడ లేదు. సుంకం తీస్తారా, తీయండి, వచ్చే జూన్ నుంచి తీస్తామని ఈ జూన్‌లోనే చెప్పండి. అప్పుడు మా బాపు కందులు వేసుకుంటాడు. గణపతిదేవుడు రాయి మీద చెక్కించింది ఈ మర్యాదే.

దేశాల మధ్యే కాదు, ఈ నేల మీద కూడా మనం ఇలాంటివి చాలా దాటి వచ్చాం. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యానికి సొంత రైలు, సొంత నాణెం, సొంత కరోడ్‌గిరి నాకాలు, అంటే సుంకం వసూలు చేసే చౌకీలు. బెజవాడ వైపు పోయి వచ్చేవాడు నాకాలో మూట విప్పి చూపించాలి, నిజాం నాణెం హాలీ సిక్కా ఏడు రూపాయలిస్తే కల్దార్, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలు, ఆరు. మా తాత పొగాకు కట్టలు ధోవతిలో చుట్టుకుని దాటించిన కథ మా ఇంట్లో పెళ్లికొకసారి చెప్తారు, ప్రతిసారీ కట్టల సంఖ్య పెరుగుతుంది. చుట్టూ భూమే ఉన్న ఆ రాజ్యానికి రేవు కోసం నిజాం మనుషులు గోవాలోని మార్మగోవా గురించి పోర్చుగీసువాళ్లతో మంతనాలు కూడా జరిపారు. 1948లో ఇండియా యూనియన్ సరిహద్దులు బిగించినప్పుడు రేవు లేని రాజ్యానికి ఊపిరి ఎంత తొందరగా ఆడకుండా పోతుందో తెలిసింది.

తర్వాత అమ్మకం పన్ను చెక్‌పోస్టులు వచ్చాయి, వాటి ముందు లారీల బారులు, బారుల పక్కన హోటళ్లు. 2017 జూలై 1న జీఎస్టీతో ఆ చెక్‌పోస్టులు పోయాయి. జీఎస్టీని తిట్టడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు, కానీ ఈ ఒక్క విషయంలో మా బావ దానికి దండం పెడతాడు. రవాణా శాఖ చెక్‌పోస్టులు మాత్రం ఇంకో ఎనిమిదేళ్లు ఉండి, 2025 అక్టోబరులో తెలంగాణలో పోయాయి. ఈ మధ్యలోనే మనం కొత్త సరిహద్దు కూడా గీసుకున్నాం కదా, 2014 జూన్ 2న. నేను కోరుకున్న గీతే, దాని కోసం క్లాసులు ఎగ్గొట్టి రోడ్డు మీద కూర్చున్నవాణ్నే. అయినా 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్రా బండ్ల మీద ప్రవేశ పన్ను మొదలైనప్పుడు, నిన్నటిదాకా ఒకే రోడ్డు కదా అనిపించింది. 2021 మేలో కరోనా రోగులున్న అంబులెన్సులను ఆ గీత దగ్గర ఆపితే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. గీత గీసేటప్పుడు దాని మీద ఎవరు నిలబడి ఎవరిని ఆపుతారో గీసినవాళ్లకు తెలియదు.

జాన్ మెక్‌కాలమ్ అనే ఆర్థికవేత్త 1995లో ఒక లెక్క చెప్పాడు. కెనడా రాష్ట్రాలు తమలో తాము చేసుకునే వ్యాపారం, అంతే దూరంలో అంతే పెద్దగా ఉన్న అమెరికా రాష్ట్రాలతో చేసే దానికంటే 22 రెట్లు ఎక్కువ. భాష చాలా మటుకు ఒకటే, మంచి రోడ్లు, యుద్ధం లేదు, అయినా 22 రెట్లు. తర్వాత వచ్చినవాళ్లు ఆ లెక్కను సరిదిద్ది, సరిహద్దు వల్ల ఆ రెండు దేశాల మధ్య వ్యాపారం దాదాపు 44 శాతం తగ్గుతోందన్నారు. సరిదిద్దినా దాదాపు సగం! కెనడా, అమెరికాలకే అంతయితే వాఘా, పెట్రాపోల్ సంగతి చెప్పాలా. వాఘాకు మన వైపున్న అట్టారీ గేటు దగ్గర పాకిస్తాన్‌తో వ్యాపారం 2019 ఆగస్టులో ఆగింది, 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత ఆ గేటునే మూశారు. ఆ మూతకు కారణం ఉంది, దాని మీద నాకు పేచీ లేదు, మనుషుల ప్రాణాల ముందు సరుకు ఎంత. నా పేచీ ప్రతి చిన్న అలకకూ గేటు మూసే అలవాటు మీద.

బాపు ఆ ముప్పై ఎనిమిది బస్తాలు అప్పుడు అమ్మలేదు. బోర్డర్ కొద్ది రోజులకే తెరుచుకుంది. నేనే ఫోను చేసి అడ్తిదారుకు చెప్పాను, తెరిచారట కదా అని. "తెరిచిండ్రు గానీ లోడింగులు ఇంక సెట్ కాలే" అన్నాడు. వారం తర్వాత, అక్కడ బ్యాంకులు ఎల్సీలు, అంటే సరుకు డబ్బులకు పూచీ కాగితాలు, ఇస్తలేవన్నాడు. అందులో నిజమెంతో, ధర దించి పట్టుకోవడానికి చెప్పిందెంతో, అంత దూరం నుంచి కనుక్కునే దారి రైతుకు లేదు. ధర దిగడానికి ఒక ఫోను సరిపోయింది, మళ్లీ ఎక్కడానికి నెల దాటింది, ఆ నెల కిరాయి మాది. చివరికి దసరా ముందు అమ్మాడు, అనుకున్న దానికంటే తక్కువకే. అప్పటి నుంచి సాయంత్రం వార్తల్లో వానల సంగతి అయ్యాక "బంగ్లాదేశ్ ఏమంటున్నది?" అని అడగడం ఆయనకు అలవాటైంది.

2025 వానకాలం ఎకరన్నర మిర్చిని ముప్పావెకరానికి తగ్గించి మిగతా దాంట్లో మక్క పెట్టాడు. ఎందుకే అంటే, "కోళ్ల దాణాకు పోతది, ఎవని గేటు కాడ ఆగేది లేదు" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. సెప్టెంబరులో అమెరికా వాణిజ్య మంత్రి, నూట నలభై కోట్ల జనం ఉన్న దేశం మా మక్కజొన్న ఒక్క గంపైనా ఎందుకు కొనదని అడిగిన వార్త వచ్చింది. వరండాలో కూర్చుని ఫోనులో చూస్తూ ఆయనకు పైకి చదివి వినిపించాను.

"మక్కలకు గూడ బోర్డర్ ఉంటదారా?" అన్నాడు బాపు.

ఉంటదన్నాను.

"ఎటు దిక్కు?"